నేవీ ఆయన ఆవులు, నా బేరం

మా నాన్నది కిరాణా కొట్టు. పెదనాన్నది బట్టల కొట్టు. మేనమామది ఇనప సామాన్ల కొట్టు. నేను పుట్టింది ఆసుపత్రిలోనే గాని పెరిగింది గల్లాపెట్టె పక్కన. చిన్నప్పుడు పలక పగిలితే ఏడవలేదు. పగులు కనపడకుండా అరచేత్తో పట్టుకుని, బడిలో నా పక్కన కూర్చునేవాడికి దాన్ని అమ్మేశాను. వాడు ఇంటికెళ్ళి తన్నులు తిన్నాడు. మా నాన్నకు సంగతి తెలిసి నన్నేమీ అనలేదు సరికదా, ఆ సాయంత్రం కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుని నవ్వాడు. సరుకులో లోపముంటే అబద్ధం చెప్పకూడదని, అడిగేదాకా మాత్రం నోరెత్తకూడదని ఆయన నాకు నేర్పాడు. ఆ చదువులో నేను ఎప్పుడూ తప్పలేదు.

తొంభైల మొదట్లో ఒంగోలుకు ఎగువనున్న మా చిన్న టౌనులో పురుగుమందుల కొట్టు పెట్టాను. అప్పట్లో మా వైపు ఎటు చూసినా పత్తి, పత్తి లేనిచోట మిరప. పురుగు పెరిగినకొద్దీ నా పొట్టా పెరిగింది. చేలో పురుగు చావడం లేదని రైతు వస్తే ఇంకో డబ్బా ఇచ్చేవాణ్ణి. చస్తోందని వస్తే, మళ్ళీ రాకుండా ఉండాలంటే ఇంకో డబ్బా అనేవాణ్ణి. పశువుల డాక్టరు కంటే, పంతులు కంటే నాకే ఎక్కువ నమస్కారాలు వచ్చేవి.

నేవీ ఆయన్ని మొదట చూసింది పశువుల సంతలో. మా చుట్టమొకాయన ఎద్దులు కొంటానంటే బేరమాడ్డానికి నన్ను వెంటబెట్టుకెళ్ళాడు. సంతలో ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ కండువా కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. పక్కన నిలబడ్డ వాళ్ళకు తెలియకూడదని ఆ ఏర్పాటు. ఆ గుంపులో ఖాకీ నిక్కరు వేసుకున్న ఒక పొడుగాటి మనిషి, తెల్లటి ఆవు మెడ మీద చెయ్యేసి, కండువా పట్టుకున్న దళారీ మీద అరుస్తున్నాడు.

"చెయ్యి బయట పెట్టి చెప్పవయ్యా! మనమేమన్నా దొంగ సరుకు కొంటున్నామా?"

"నేవీ ఆయనండీ," అన్నాడు దళారీ నాకేసి చూసి, విసుగ్గా. "పదిహేనేళ్ళు ఓడ మీద చేసొచ్చాడంట. సంతంతా వినపడేట్టు అరుస్తాడు. ఎవరన్నా సర్దిచెప్పండి బాబూ."

నాకు దురద ఆగలేదు. ఆయన తరఫున నేనే కండువా కింద చెయ్యి పెట్టాను. టీ చల్లారేలోపు ధర మూడో వంతు తగ్గించాను. ఆయన సంతోషిస్తాడనుకుంటే దళారీ మొహంలోకి ఒకసారి చూసి, నాతో "అంత లాగావేమయ్యా? ఇతను ఇంటికేం పట్టుకెళ్తాడు?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కానీ ఆ రోజు నుంచి గడ్డి కొనాలన్నా, తెలగపిండి కొనాలన్నా నా కొట్టు ముందు సైకిలు ఆపేవాడు. బేరమాడటం తనకు రాదని ఆయనకు తెలుసు. నేర్చుకోవాలన్న కోరిక కూడా లేదు.

ఆయన ఊరు చీమకుర్తి పోయే దారిలో. పద్దెనిమిదేళ్ళకు నేవీలో చేరి, ఓడ అడుగున ఇంజను గదిలో పని చేశాడు. ఆ హోరుకు ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయాయి. పెన్షన్‌తో తిరిగొచ్చేసరికి ఊళ్ళో అందరూ ట్రాక్టర్లు తెచ్చి, ఎద్దుల్నీ ఆవుల్నీ అమ్మేస్తున్నారు. వాళ్ళు అమ్మేది ఈయన కొనడం మొదలుపెట్టాడు. కొన్నవాటిలో మంచి ఒంగోలు జాతి లక్షణాలున్న మూడింటిని పక్కన పెట్టుకుని, వాటి కడుపున పుట్టినవాటినే పెంచుతూ వచ్చాడు.

అంత పని చేసే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. తెల్లవారకముందే లేచి కొట్టమంతా పైపుతో కడిగేవాడు. ఓడ డెక్కు కడిగినట్టే, ఒక చివర నుంచి ఇంకో చివరకు, అడుగు వదలకుండా. ఆ గచ్చు మీద కూర్చుని అన్నం తినొచ్చు. నేను తిన్నాను కూడా. మందను మేతకు మళ్ళించడానికి ఓడలో ఊదే ఇత్తడి ఈల ఊదేవాడు. పలుపులకు ఆయన వేసే ముడి ఎంత గింజుకున్నా బిగుసుకునేది కాదు. ఊళ్ళోవాళ్ళు మొదట ఎగతాళి చేశారు. ఒకరి దూడ ఉరి బిగుసుకుని చచ్చాక ఒక్కొక్కళ్ళే తాడు పట్టుకుని ఆయన దగ్గరికొచ్చారు. పాలు పిండేటప్పుడు తప్ప ఆయన కూర్చోవడం నేను చూడలేదు. ఆయన భార్య నాతో అంటుండేది: "మీరన్నా చెప్పండి శెట్టిగారూ. పిల్లల్లేని కొంప, ఇద్దరం తినడానికి పెన్షను చాలు. ఎవరికోసం ఈ చాకిరీ?" ఆయనకు వినపడదని ఆయన ఎదురుగానే అనేది. ఆయనకు పెదాలు చదవడం కొంత వచ్చు. "ఓడలో నేను నడిపిన ఇంజను నాది కాదే," అనేవాడు. "ఇది నాది."

పది పన్నెండేళ్ళకు మంద నలభై అయింది. ఐదారు తప్ప అన్నీ ఆ కొట్టంలో పుట్టినవే. ఏ దూడ ఏ ఆవుకు పుట్టింది, దాని అమ్మమ్మ ఏది, అన్నీ వేళ్ళ మీద చెప్పేవాడు. అవతలి జిల్లాల నుంచి కోడెల కోసం మనుషులు రావడం అప్పుడప్పుడే మొదలైంది.

అప్పుడు వానలు మొహం చాటేశాయి. ఒక ఏడు కాదు, వరుసగా. ఊరి బీడులో సగం క్వారీల వాళ్ళ రాతి గుట్టల కిందికి పోయింది. మిగతా సగాన్ని ఎవరో దున్ని పత్తి పెట్టారు. వరి లేదు కనక గడ్డి లేదు. గడ్డి లారీ వచ్చిందంటే పెళ్ళివారొచ్చినంత గుంపు. కబేళాకు తోలే లారీల వాళ్ళు వారానికోసారి ఆయన గుమ్మం ముందు హారన్ కొట్టి పోయేవాళ్ళు. ఆ ఎండాకాలం ఆయన నా కొట్టుకొచ్చి, మొదటిసారి, నేను వెయ్యమన్న కుర్చీలో కూర్చున్నాడు.

"రెండు నెలలు, శెట్టీ. వానలు పడేదాకా రెండు నెలలు మేపగలిగితే మంద నిలబడుద్ది. లేకపోతే సగం లారీ ఎక్కించాలి. సగం ఎక్కిస్తే ఇక మందేముంది? ఏ సగం ఎక్కించాలో నువ్వు చెప్పు."

"అట్లా ఎందుకనుకుంటావన్నయ్యా? నేనున్నాగా," అన్నాను. ఆ మాట అనడం నాకు ఎప్పుడూ ఇష్టమే.

మా వైపు ఒక పద్ధతుంది. పత్తి ఆఖరి తీత అయ్యాక చేలో మోళ్ళూ ఆకూ మిగులుతాయి. రైతు అందులోకి మంద తోలించుకుంటాడు. పశువులకు మేత, చేనుకు పేడ. మంద వాడికి రైతే కొన్ని బస్తాల గింజలిస్తాడు. కరువు కాబట్టి ఆ ఏడు లెక్క తిరగబడింది. మేతకే గిరాకీ. రైతులు ఎదురు అడుగుతున్నారు. అలాంటి రోజుల్లో ఇటు గింజలు అటు పోకుండా, అటు గింజలు ఇటు రాకుండా, ఆరెకరాల చేను ఊరికే కుదర్చగలిగేవాడు ఈ ప్రాంతంలో నేనొక్కణ్ణే అని నా నమ్మకం.

చేను గలాయన నా ఖాతాదారే, కౌలు రైతు. ఆ వారం మొదట్లోనే నా కొట్టుకొచ్చాడు. ఆఖరి తీత అయిపోయినా చేను మళ్ళీ చిగురేసిందని, నాలుగు పూలు కూడా కనపడుతున్నాయని చెప్పాడు. నా దగ్గర గడువు దగ్గర పడుతున్న డబ్బాలు కొన్ని మిగిలి ఉన్నాయి. మంచి ఘాటైన మందు. "ఒక్కసారి కొట్టి చూడు, ఇంకో తీత వచ్చుద్ది," అని తగ్గించి అంటగట్టాను. ఆయన కొట్టాడు. ఎండకు పూలు రాలిపోయాయి. ఇంకో తీత రాదని తేలిపోయింది. ఇక చేను తీసేద్దామనుకుంటున్నానని చెప్పడానికి వారం చివర్లో వచ్చాడు. నేవీ ఆయన అప్పటికి నా కొట్టులోనే, అదే కుర్చీలో ఉన్నాడు.

నాకు పండగలా అనిపించింది. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి టీ తెప్పించాను. పేడ విలువ రైతుకు చెప్పాను. మోళ్ళు పీకించే కూలీ ఎంత మిగులుతుందో చెప్పాను. మంద తొక్కిన నేలలో మిరప ఎలా కాస్తుందో, నేను జన్మలో నాగలి పట్టకపోయినా, కళ్ళకు కట్టినట్టు చెప్పాను. ఒప్పుకునే ముందు రైతు నా వైపు వంగి, గొంతు తగ్గించాడు.

"మరి మొన్న కొట్టిన మందండీ? నాలుగు రోజులేగా అయింది."

నేనూ గొంతు తగ్గించాను. "నిన్న చినుకులు పడ్డాయిగా. కడుక్కుపోయుంటది."

నిజానికి పడ్డది దుమ్ము అణగని వాన. డబ్బా మీద పుర్రె బొమ్మ కింద ఏం రాసుందో రైతుకు చదవడం రాదు. నాకు వచ్చు. ఎన్నాళ్ళు పశువుల్ని తోలకూడదో అందులో ఉంది. కానీ అప్పటికే బేరం ముప్పాతిక కుదిరింది. ముప్పాతిక కుదిరిన బేరంలో ఒక అడ్డు మాట పడితే అది ఎలా చెదిరిపోతుందో నాకు తెలుసు. ఇంకో చేను వెతకాలి, ఇంకో రైతుతో మొదట్నుంచీ మొదలుపెట్టాలి. వాన కడిగేసిందని నాకు నేనే చెప్పుకున్నాను, నేను చెప్పింది నేనే కొన్నాను. నా అంతటి వాడు అమ్మితే కొనకుండా ఎవరుంటారు?

మా ఇద్దరికీ మూరెడు దూరంలో నేవీ ఆయన టీ ఊదుకుంటున్నాడు. మేమున్నది ఆయన ఎడమ చెవి వైపు.

"ఏమంటున్నాడు?" అనడిగాడు, మా పెదాలు ఆగాక.

"సరేనంటున్నాడన్నయ్యా. రేపే తోలుకో."

"చేను నువ్వు చూశావా?"

"చూశాను." అబద్ధం కూడా కాదు. రోడ్డు మీద పోతూ చూశాను.

మర్నాడు మధ్యాహ్నం కొట్టులో ఫోను మోగింది. ఆయన భార్య. పక్క ఊరి బూత్ నుంచి చేస్తోంది. "ఆవులు పడిపోతున్నాయి శెట్టిగారూ. నోట్లోంచి నురగలొస్తున్నాయి. డాక్టరుని తీసుకురండి."

పశువుల డాక్టరుని స్కూటరు మీద ఎక్కించుకుని బయల్దేరాను. టౌను దాటకముందే ఆయన వెనక నుంచి అడిగాడు.

"ఏం తిన్నాయండీ?"

"పత్తి చేలో మేశాయంట."

"ఏం మందు కొట్టారో తెలుసా? దాన్నిబట్టి ఇంజక్షన్లు పట్టుకెళ్దాం. నా సంచిలో నాలుగే ఉన్నాయి."

ఎడమ పక్కన మెడికల్ షాపు. చొక్కా లేకుండా గుమ్మంలో విసురుకుంటున్న దాని యజమాని నన్ను చూసి చెయ్యెత్తాడు కూడా. మందు పేరు నా నాలుక చివర ఉంది. చెబితే, నీకెలా తెలుసంటాడు. అమ్మానంటే, అమ్మినవాడివి మందను ఎలా తోలించావంటాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర సరుకు లేదు.

"అక్కడికెళ్ళి కనుక్కుందామండీ డాక్టరుగారూ," అని గేరు మార్చాను.

చేలో ఏడు ఆవులు పడి ఉన్నాయి. కొన్ని నిలబడి వణుకుతున్నాయి. పొట్టలు ఉబ్బి, చొంగ తాడులా నేల దాకా సాగుతోంది. నేవీ ఆయన ఒక ఆవు తల ఒళ్ళో పెట్టుకుని దాని నోట్లోంచి నురగ చేత్తో తీసేస్తున్నాడు. మిగతా మందను గట్టు దాటించడానికి ఆయన భార్య ఆ ఇత్తడి ఈల ఊదుతోంది. అలవాటు లేని ఊదు, గాలి తప్ప శబ్దం రావడం లేదు. కౌలు రైతు గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

డాక్టరు ఒక ఆవు కంటి రెప్ప ఎత్తి చూశాడు. "ఏం కొట్టావయ్యా?" అని రైతుని అడిగాడు. రైతు నా మొహం చూశాడు. పేరు అతనికి తెలియదు. డబ్బా మీద బొమ్మే తెలుసు.

అప్పుడు చెప్పాను. అప్పుడు కూడా ఎలా చెప్పానో చూడండి.

"ఫలానా మందు అయ్యుండొచ్చండీ. ఈ చుట్టుపక్కల అందరూ అదే కొడతారు."

అయ్యుండొచ్చు. చచ్చే ఆవు ముందు నిలబడి కూడా నేను గీచి గీచి చెప్పాను.

డాక్టరు నావైపు తిరిగాడు. "ఆ మాట దారిలో అని ఉంటే మెడికల్ షాపులో ఉన్నవన్నీ పట్టుకొచ్చేవాళ్ళం కదండీ! వెళ్ళండి, వెళ్ళండి, ఎన్నుంటే అన్నీ తెండి."

వెళ్ళాను. స్కూటరు అంత వేగంగా నేను ఎన్నడూ నడపలేదు. పోనూ రానూ గంట దాటింది. తెచ్చిన పెట్టె డాక్టరు చేతికిచ్చేటప్పటికి ఆయన లెక్క ప్రకారం బతకాల్సినవి ఆరు చచ్చాయి. మొత్తం పదకొండు పోయాయి. మొదట్లో సంతలో కొన్నామే, ఆ తెల్లావు, దాని ఇద్దరు కూతుళ్ళు, చూడితో ఉన్న ఒక మనవరాలు. నేవీ ఆయనే వరసపెట్టి చెప్పాడు, పక్కన నిలబడి, ఎవరూ అడక్కుండానే.

మర్నాడు క్వారీ వాళ్ళ యంత్రం పెద్ద గొయ్యి తీసింది. ఊరంతా చేరింది. ఆయన ఒక్కో ఆవు మెడలో పలుపు ముడి తనే విప్పాడు. పదకొండూ విప్పి, తాళ్ళు భుజాన వేసుకుని, నా ముందుకొచ్చి నిలబడ్డాడు. తను ఎంత గట్టిగా మాట్లాడతాడో ఆయనకు తెలియదు. గొయ్యి అవతలి వాళ్ళు కూడా తిరిగి చూశారు.

"శెట్టీ. ఆ చేలో మందు కొట్టినట్టు నీకు తెలుసా?"

కౌలు రైతు నా పక్కనే ఉన్నాడు. అతను నేల చూశాడు. నేను చెబితే అతనూ మునుగుతాడు. అతను చెబితే నేను మునుగుతాను. ఒకరికొకరం మాట్లాడుకోకుండానే కుదిరిన బేరం, నా జన్మలో అదొక్కటే.

చెవిటి మనిషితో అబద్ధం చెప్పడానికి నోరు కూడా తెరవక్కర్లేదు. తల అడ్డంగా ఊపాను.

ఆయన నా తల ఊపు చూశాడు. కొంచెంసేపు నా పెదాల కేసి కూడా చూశాడు, ఇంకేమన్నా వస్తుందేమోనని. రాలేదు. సరేనన్నట్టు తలాడించి వెళ్ళి, యంత్రం వాడికి చెయ్యి ఊపాడు.

మంద వాన పడేదాకా కూడా నిలవలేదు. బతికినవాటిలో చూడివి నెలలు నిండకుండానే ఈసుకుపోయాయి, మిగతావి పాలు ఎగ్గొట్టాయి. మేతకు ఏ చేలోకీ తోలే ధైర్యం ఆయనకు లేదు. తను కోసి తెచ్చిన గడ్డిని కూడా వాసన చూసి పక్కన పడేసేవాడని ఆయన భార్య చెప్పింది. మొత్తం ఇచ్చేస్తానని నాకు కబురు పెట్టాడు. "బేరానికి శెట్టి రావాలి" అన్నాడట. వెళ్ళాను. వెళ్ళకపోతే అనుమానమొస్తుందని వెళ్ళాను.

లారీ వాడు గట్టివాడు. బక్కచిక్కిన పశువుల్ని చూసి పెదవి విరిచాడు. నేను వదల్లేదు. జాతి చెప్పాను, ఎముక చూపించాను, పై ఊరి లారీ రేపొస్తోందని లేని లారీని కూడా పుట్టించాను. ఆయన మాకు వీపు చేసి, తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. ఆ మనిషి ఊరికే కూర్చోవడం చూశాను. లారీ వాడు చివరికి నా అరచేతిలో చరిచి, "మీ నోరుంది చూశారూ, దణ్ణం పెట్టాలండీ శెట్టిగారూ," అన్నాడు. కరువులో ఆ ధర ఎవరికీ రాలేదు. ఆయన డబ్బు లెక్కపెట్టకుండా భార్య చేతికిచ్చి, చీపురు పట్టుకుని ఖాళీ కొట్టం కడగడానికి పోయాడు.

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. గడ్డి కొనే నాథుడు లేక కుప్పలు కుళ్ళిపోయాయి.

మాజీ సైనికులను బ్యాంకుల దగ్గర కాపలాకు పెట్టుకుంటారు. మా టౌనులో నా ఖాతా ఉన్న బ్యాంకు గుమ్మంలో ఒక రోజు ఆయన కనిపించాడు. ముడత లేని యూనిఫారం, పాలిష్ చేసిన బూట్లు, భుజాన జోడుగొట్టాల తుపాకి. అప్పటికే ఆయన జుట్టు పూర్తిగా తెల్లబడింది. నేను మెట్లెక్కేసరికి అద్దం తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"రండి సార్," అన్నాడు, అందరితో అన్నట్టే, బ్యాంకంతా వినపడేట్టు.

"బాగున్నావా అన్నయ్యా?" అన్నాను. కుడి చెవి వైపే నిలబడి అన్నాను.

"లోపల ఖాళీగా ఉంది, వెళ్ళండి సార్."

కోపం ఉందేమోనని మొహం వెతికాను. ఎంతకిస్తావో అడగడానికి కూడా వీల్లేని కొట్టులా ఉంది ఆ మొహం. వారానికి రెండుసార్లు డ్రాఫ్టుల కోసం అక్కడికి వెళ్ళాల్సిన వ్యాపారం నాది. వెళ్ళినప్పుడల్లా ఆయన తలుపు తెరవడం, రండి సార్ అనడం. నిజం చెప్పేద్దామని ఆ మెట్ల మీద నాలుగైదుసార్లు అనుకున్నాను. చెబితే నాకేమొస్తుందని ఒకసారి, చెబితే ఆయనకేమొస్తుందని ఒకసారి, రెండు వైపులా నేనే బేరమాడి, రెండుసార్లూ నేనే నెగ్గాను.

మూడో నెలలో ఖాతా ఇంకో బ్యాంకుకు మార్చుకున్నాను. అక్కడ డ్రాఫ్టులు త్వరగా ఇస్తారని ఇంట్లో చెప్పాను.